ఊరి బావులకు ఊరివారి కొలత

నాయుడుపేట స్వర్ణముఖి నది యొడ్డున నున్నది. సంవత్సరములో అధికభాగము ఈ నదిలో నీటికంటె ఇసుకయే ఎక్కువగ కనుపించును. కార్తిక మాసమునకు అటునిటుగ ఈశాన్య ఋతుపవనములు విజృంభించినపుడు మాత్రము చంద్రగిరి కొండల వైపునుండి దిగివచ్చు నీటితో నది రెండు గట్లు నిండి పారును. 2021 నవంబరులో వచ్చిన వరద తిరుపతి మొదలుకొని సముద్రతీరము వరకు ఎంతటి నష్టము కలిగించెనో ఈ ప్రాంతపు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి వరద చూచిన యొడ్డుననే వేసవిలో చెలమలు త్రవ్వవలసి వచ్చుటయు, బోరులు నీటికి బదులు గాలి కక్కుటయు మన పల్లెలకు క్రొత్త గాదు.

ఇది వానలు లేని సీమ కాదు. ఏటి వర్షములో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఒక్కుమ్మడిగ కురియును. కురిసినదానిలో పెద్ద పాలు సమీపముననే యున్న సముద్రమును చేరును. కొంత చెరువులలో నిలుచును. మరికొంత భూమిలోనికి ఇంకును. ఈ ఇంకిన నీరే మాఘము మొదలు జ్యేష్ఠము వరకు త్రాగుటకును, తోటలకును, ఎడగారు పైరునకును ఆధారము. అయితే ఆ నీరు ఎంత యున్నదో చూచుటకు చెరువు వలె అది కంటి ఎదుట నుండదు. చెరువులో నీరు తగ్గినచో తూము వద్ద నిలిచిన రైతులందరకు ఒకేసారి తెలియును. భూమిలో నీరు తగ్గినచో మొదట ఒక్కరి బోరు ఎండును. అతడు దానిని తన దురదృష్టమనుకొని, అప్పు చేసి మరింత లోతునకు వేయించును. అటుపిమ్మట ప్రక్కవాని బోరు ఎండును.

నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మారినది. జిల్లా మారినను నేల మారలేదు, నీటి చిక్కులును మారలేదు. కావున మేమీ వ్యాసమున జిల్లాల హద్దులను ఎక్కువగ పాటింపక, పంచాయతీ సభ్యులు తమ గ్రామములో ప్రజలచేతనే నీటి లెక్క వ్రాయించుట యెట్లో, అది ఇతర చోట్ల ఎంతవరకు సాగెనో, ఎచ్చట కుంటువడెనో చెప్పదలచితిమి.

రైతు కన్ను, శాస్త్రజ్ఞుని కొలత

శాస్త్రమనగా పట్టణములోని ప్రయోగశాలలకు సంబంధించినదని మనలో చాలమందికి ఒక భావము కలదు. నెల్లూరు సీమ చరిత్రలోనే దీనికి సమాధానము దొరకును. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములుండెను. ఇవి తరువాత 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే పిదప ప్రకాశం అను పేరు వచ్చినది. ఆ పల్లెలలో దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవుటను రైతులు గమనించిరి. మనుష్యులలోను నడుములు వంగిపోవుట, పండ్లు గారపట్టుట కానవచ్చెను. వైద్యులు పరిశీలించి, బావినీటిలో అధికముగ నున్న ఫ్లోరైడు అను లవణమే దీనికి కారణమని 1937లో ప్రకటించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చిన మొదటి శాస్త్రీయ వివరణ ఇదియే.

ఇందు రైతులు చేసిన పని యేది, వైద్యులు చేసిన పని యేది యని విడదీసి చూడవలెను. ఎద్దు కుంటుచున్నదని, ఆ కుంటు దెబ్బవలన వచ్చినది కాదని, ఒక్క ఇంట గాక ఊరెల్ల ఉన్నదని కనిపెట్టినవారు రైతులు. దానికి నీరే కారణమని తేల్చినవారు శాస్త్రజ్ఞులు. రైతు కన్ను లేనిచో శాస్త్రజ్ఞుడు ఆ పల్లెకు వచ్చియుండడు. శాస్త్రజ్ఞుని కొలత లేనిచో రైతు దానిని కర్మమని సరిపెట్టుకొని యుండును.

ఏడు జిల్లాల అనుభవము

భూగర్భజలము విషయమున ఈ రెండు పనులను రైతుల చేతనే చేయింపవచ్చునా యను ప్రశ్నకు మన రాష్ట్రములోనే పెద్ద ఎత్తున ఒక ప్రయత్నము జరిగినది. 2003లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతో 'రైతుల యాజమాన్యములో భూగర్భజల వ్యవస్థలు' అను పథకము ప్రారంభమైనది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దీనికి తోడ్పడెను. స్వచ్ఛంద సంస్థలు పల్లెలలో పని నడిపినవి. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం అను ఏడు కరవు జిల్లాలలో 600కు పైగా పల్లెలకు ఇది వ్యాపించినది. నెల్లూరు జిల్లా ఆ ఏడింటిలో లేదు.

ఆ పథకములో ముఖ్యమైన విశేషము ఒకటి కలదు. అందు రైతులకు పైకము పంచిపెట్టలేదు. ఈ పైరు వేయరాదను నిషేధమును లేదు. రైతులకు, వారిలో స్త్రీలకును, కొలుచుట మాత్రము నేర్పిరి. గ్రామపు సరిహద్దునుగాక వాగు పరివాహక ప్రాంతమును లెక్కకు తీసికొని, దానికి ఆ వాగు పేరే పెట్టిరి. ఏలయన భూమిలోని నీరు పొలిమేర రాళ్లను ఎరుగదు. రెండు వేలకు పైగా బావులలో రైతులే పదునైదు దినములకొకసారి నీటిమట్టము కొలిచిరి. వానను కొలిచిరి. బోరులు ఎంత నీరు పోయుచున్నవో కొలిచిరి. ఈ లెక్కలను గోడలపై అందరు చూచునట్లు వ్రాసిరి. ఏటేట అక్టోబరు, నవంబరు నెలలలో, రబీ పైరునకు ముందు, సభ జరిపి 'భూమిలో ఇంత నీరున్నది, మీరు వేయదలచిన పైరులకు ఇంత కావలెను' అని జమాఖర్చు చూపిరి. ఖర్చు జమను మించినచో ఏమి చేయవలెనో చెప్పు పని ఎవరును పెట్టుకొనలేదు. దానిని రైతుకే విడిచిరి.

ఫలితములను గూర్చి 2010లో ప్రపంచబ్యాంకు ప్రకటించిన నివేదికలో, ఆ వాగు ప్రాంతములలో నూటికి 42 చోట్ల మూడేండ్లు వరుసగ రబీ నీటి వాడకము తగ్గెననియు, 51 చోట్ల కొన్ని ఏండ్లు మాత్రము తగ్గెననియు, 7 చోట్ల పెరిగెననియు కలదు. చాలమంది వరిని తగ్గించి తక్కువ నీటి పైరులు వేసిరి. అయితే 2012లో వెలువడిన మరియొక పరిశీలన ఈ ఫలితములు చెప్పబడినంత బలమైనవేనా యని సందేహము వెలిబుచ్చినది. ఈ రెండవ మాటను మేము దాచదలచలేదు. పథకపు ఉద్యోగి వచ్చి అడిగినంతకాలము కొలుచుట యొకటి, అతడు వెళ్లిన పిదప కొలుచుట వేరొకటి. కొలత పథకమునకు సంబంధించినదైనచో పథకముతోనే వెళ్లిపోవును.

దీనికి భిన్నమైన ఉదాహరణ మహారాష్ట్రములోని హివరే బజార్. అహ్మద్‌నగర్ జిల్లాలో (2024 నుండి దాని పేరు అహిల్యానగర్) వాన తక్కువగ కురియు ఒక చిన్న ఊరు ఇది. 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా ఎన్నికైన పిదప గ్రామసభయే నీటి లెక్క చేపట్టినది. సాగునకు బోరులు వేయరాదని తీర్మానించుకొనిరి. ఆ ఏటి వానను బట్టి ఏ పైరు ఎంత వేయవచ్చునో గ్రామమే నిర్ణయించుకొనును. సర్పంచికి 2020లో పద్మశ్రీ బిరుదు ప్రకటింపబడినది. బిరుదుకంటె మాకు ఎక్కువగ తోచిన సంగతి, అచ్చటి లెక్క పంచాయతీ సొత్తగుటచేత అన్ని యేండ్లు నిలిచినదనుట. రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చిన్న నీటివనరులను, నీటి యాజమాన్యమును, త్రాగునీటిని చేర్చియున్నది. కావున ఈ పని మనది కాదని మన పంచాయతీలు చెప్పుటకు వీలులేదు.

కొలుచు విధము

'కొలిచినంతనే నీరు పెరుగునా?' అని రైతులు అడుగుదురు. పెరుగదు. జ్వరమును కొలుచు గాజుగొట్టము జ్వరమును తగ్గింపదు. అయినను అది లేక వైద్యము సాగదు గదా.

గ్రామములో ఎనిమిది, పది బావులను ఎన్నుకొనిన చాలును. చెరువు క్రింద ఒకటి, మెరకను ఒకటి, నది వైపున ఒకటి, పంచాయతీ త్రాగునీటి బోరు ఒకటి, మిగిలినవి పొలములలో అక్కడక్కడ. త్రవ్వుడు బావులును, వాడుకలో లేని బోరులును శ్రేష్ఠము. నడుచుచున్న బోరులోనికి త్రాడు వదలినచో మోటారు తీగెలలో చిక్కుకొను ప్రమాదము కలదు. అట్టి బోరునే కొలువవలసివచ్చిన, పై మూతకు చిన్న రంధ్రము చేయించి, సన్నని గొట్టమొకటి లోనికి దింపి, దాని గుండ కొలువవలెను.

ప్రతి బావి అంచుపై ఒకచోట తెల్లరంగుతో గుర్తు పెట్టవలెను. ఎవరు కొలిచినను ఆ గుర్తునుండియే కొలువవలెను. ఇది చిన్న మాటగ కనుపించును గాని, లెక్క పాడగుటకు మొదటి కారణము ఇదియే. ఒకరు ఒరనుండియు మరియొకరు నేలనుండియు కొలిచినచో రెండడుగుల తేడా వచ్చి, నీరు పెరిగెనో తగ్గెనో తెలియకపోవును.

సాధనము ఇనుప టేపు. దాని కొనకు చిన్న బరువు కట్టి, కొనవైపు ఒక మీటరు మేర సుద్దముక్క రుద్దవలెను. టేపును బావిలోనికి దింపి, 12 మీటర్ల గీత తెల్లగుర్తు వద్దకు వచ్చునట్లు పట్టుకొని పైకి తీయవలెను. సుద్ద తడిసిన మేర 85 సెంటీమీటర్లున్నచో, నీరు 11 మీటర్ల 15 సెంటీమీటర్ల లోతున నున్నదన్నమాట. ఇంతకంటె సులభమైన సాధనము మరియొకటి కలదు. దాని తీగె కొన నీటిని తాకినంతనే చిన్న గంట మ్రోగును. పంచాయతీకి ఒక్కటి చాలును.

తెల్లవారుజామున, మోటార్లు ఆడక మునుపు కొలువవలెను. మోటారు ఆడుచుండగ కొలిచిన మట్టము ఆ మోటారు లాగిన గుంటను చెప్పునేగాని ఊరి నీటిని చెప్పదు. తేదీలు మరచిపోవుదుమన్నవారు అమావాస్యకు, పున్నమికి కొలిచినచో సరిపోవును. పదునైదు దినముల లెక్క దానంతట అదియే కుదురును.

రాష్ట్ర భూగర్భజల శాఖ వారికి పరిశీలక బావులు లేవా యని సభ్యులు అడుగవచ్చును. ఉన్నవి; పెక్కింటిలో నీటిమట్టమును యంత్రములే నమోదు చేయుచున్నవి. అయితే అట్టి బావి మీ ఊరిలోనే యుండునను నమ్మకము లేదు. ఉన్నను దాని లెక్క కార్యాలయమునకు పోవునుగాని రచ్చబండకు రాదు. మీ కొలతలను వారి కొలతలతో పోల్చిచూచుకొనుట మాత్రము మంచిది. రెండును ఒకే వైపు నడుచుచున్నచో మీ లెక్కపై నమ్మకము కలుగును. నడువకున్నచో ఎచ్చట పొరపాటున్నదో వారినే అడుగవచ్చును.

బోరు పోయు నీటిని కొలుచుటకు 200 లీటర్ల డ్రమ్మును, గడియారమును చాలును. డ్రమ్ము 50 సెకండ్లలో నిండినచో ఆ బోరు సెకండునకు 4 లీటర్లు పోయుచున్నది. గంటకు 14,400 లీటర్లు. ఏడు గంటలకు లక్ష లీటర్లకు పైమాట. సంక్రాంతికి 50 సెకండ్లలో నిండిన డ్రమ్ము ఉగాదికి 80 సెకండ్లు తీసికొన్నచో, సంగతి ఏమిటో చదువురాని రైతునకును ఇట్టే తెలియును.

నీటి జమాఖర్చు

వానమాపకమును పాఠశాల ఆవరణలో చెట్లకు, గోడలకు దూరముగ నిలిపి, ఉదయము ఎనిమిదిన్నరకు కొలువవలెను. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్లు. ఒక అంగుళము కురిసినచో సుమారు లక్ష లీటర్లు. పైన చెప్పిన బోరు ఏడు గంటలలో తోడినది ఒక ఎకరముపై అంగుళపు వానకు సమానమన్నమాట. ఈ ఒక్క పోలికను సభలో చెప్పి చూడుడు. తక్కిన ఉపన్యాసము అక్కరలేకపోవచ్చును.

ఉదాహరణకు 1,000 ఎకరముల విస్తీర్ణమును, 2,000 జనాభాయును గల ఒక పల్లెను ఊహింతము. ఈశాన్య ఋతువులో 600 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. అదియంతయు భూమిలోనికి దిగదు. తూర్పుతీరపు ఒండ్రునేలలకు భూగర్భజలపు లెక్కలలో నూటికి 16 పాళ్లు ఇంకునని తీసికొనుచున్నారు. ఆ ప్రకారము 96 మిల్లీమీటర్లు ఇంకును. అనగా ఎకరమునకు 3,84,000 లీటర్లు. ఊరంతటికి 38 కోట్ల 40 లక్షల లీటర్లు. ఇది జమ.

ఖర్చులో మొదటిది త్రాగునీరు. దానిని ముందుగ తీసి ప్రక్కన పెట్టవలెను. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్ల లీటర్లగును. మిగిలినది 34 కోట్ల 40 లక్షలు. వరికి నాటినది మొదలు కోతవరకు 1,200 మిల్లీమీటర్ల నీరనుకొన్నచో ఎకరమునకు 48 లక్షల లీటర్లు. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు, అనగా 20 లక్షల లీటర్లు. కావున ఈ నీటితో వరియైనచో 71 ఎకరములు, వేరుసెనగయైనచో 172 ఎకరములు పండును. ఊరివారు బోరుల క్రింద 150 ఎకరములు వరి వేయదలచినచో, తక్కిన 79 ఎకరముల నీరు ఎచ్చటినుండి వచ్చును? రాబోవు ఏటి నీటినుండి, లేక ప్రక్క ఊరి నీటినుండి.

ఈ లెక్క ముతక లెక్క. వరిమడి నీటిలో కొంత మరల ఇంకును. చెరువునుండియు, నది ఇసుకనుండియు ఊట వచ్చును. చెరువు ఆయకట్టు పైరును ఇందు చేర్చలేదు. పశువులను, కోళ్లను, ఇటుకబట్టీలను లెక్కింపలేదు. మీ ఊరి నేల గుణమును బట్టి ఇంకు పాలు మారును. దానిని భూగర్భజల శాఖ వారిని అడిగి సరిచేసికొనవలెను. అయినను ముతక లెక్కయే ఊహకంటె మేలు. రెండు మూడేండ్లు బావుల కొలతలతో పోల్చినకొలది అది మెరుగగును.

ఇక్కడ మేము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఆ ఏడు జిల్లాలలో చాలచోట్ల నైరుతి వానలే ప్రధానము. కావున వారు అక్టోబరులో సభ జరిపిరి. మనకు అప్పటికి అసలు వాన మొదలే కాలేదు. ఆ పద్ధతిని యథాతథముగ అనుకరించి అక్టోబరులోనే జమ కట్టినచో, రాని వానను పద్దులో వ్రాసినట్లగును. నాయుడుపేట వైపు పల్లెలకు లెక్క కట్టు కాలము జనవరి. అప్పటికి వాన ముగియును, చెరువుల సంగతి తేలును. వేసవిలో నాటు ఎడగారు పైరును గూర్చి ఆలోచించుటకు ఇంకను వ్యవధి యుండును. మార్చిలో మరియొకసారి బావులు చూచి, ఎడగారు వరి ఎన్ని ఎకరములు వేయవచ్చునో సభలో చెప్పవలెను. నారు పోసిన పిదప చెప్పినచో ఎవరును వినరు. వినకపోవుట వారి తప్పును గాదు.

ఉప్పునీటి సంగతి

నాయుడుపేటకు తూర్పుగ, వాకాడు వైపు పోయినకొలది సముద్రము సమీపించును. తీరపు పల్లెలకు నీరు తరుగుట యొక్కటియే గాక, నీరు ఉప్పగుట యను రెండవ భయము కలదు. మన పెద్దలు దీనిని చక్కగ ఎరుగుదురు. వారు తీరపు ఇసుక నేలలలో దొరువులు త్రవ్విరి. లోతు లేని ఆ గుంటలలో ఊరిన మంచినీటిని కుండలతో ముంచి నారుమళ్లకును, కూరగాయలకును పోసెడివారు. లోతునకు పోయిన ఉప్పు తగులునని వారికి తెలియును.

దీని కారణమును నూరేండ్లకు పూర్వమే ఇద్దరు ఐరోపా శాస్త్రజ్ఞులు వేరువేరుగ కనుగొనిరి. సముద్రపు నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువు. కావున తీరమున ఇసుకలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండును. దీనినే తిరుగవేసి చూడుడు: తోడి తోడి పైమట్టమును ఒక అడుగు దించినచో, కాలక్రమమున క్రిందినుండి ఉప్పు 40 అడుగులు పైకి రాగలదు. ఎండిన బోరు మంచి వానకు మరల నిండవచ్చును. ఉప్పుపట్టిన పొర తిరిగి తీయనగుటకు ఎన్నేండ్లు పట్టునో చెప్పుట కష్టము. అందుచేత తీరపు పల్లెలలో మరింత లోతునకు పొమ్మను సలహా కంటె కీడైనది వేరొకటి లేదు.

దొరువు తత్త్వమునే గ్రహించి బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రము వారు ఒక క్రొత్త పద్ధతిని రూపొందించిరి. రంధ్రములు గల గొట్టములను ఇసుకలో నీటిమట్టమునకు కొంచెము దిగువగ అడ్డముగ పరచి, వాటిని ఒక గుంట బావికి కలుపుదురు. గొట్టములలోనికి ఊరిన పైపొర నీరు బావిలో చేరును. అచ్చటినుండి మోటారుతో తోడి తుంపరలుగ చల్లుదురు. క్రింది ఉప్పునీరు కదలదు. కుండ పోయి మోటారు వచ్చినను దొరువు నడిపిన సూత్రము అట్లే నిలిచినది.

తీరపు గ్రామములలో నీటిమట్టముతోబాటు లవణమును కూడ నెలకొకసారి కొలువవలెను. దీనికి కలము వంటి చిన్న సాధనము కలదు. నీటిలో ముంచినంతనే కరగిన లవణముల అంకెను చూపును. త్రాగునీటిలో లీటరునకు 500 మిల్లీగ్రాములలోపు మంచిది. వేరొక ఆధారము లేనిచో 2,000 వరకు సహింతురు. ఒక్కనాటి అంకెకంటె అది నెలనెల ఎటు పోవుచున్నదన్నదే ముఖ్యము. 600 ఉన్నది 700 అయి, 900 అయినచో, నాలుక పసికట్టక మునుపే మోటార్ల వేళలు తగ్గింపవలెను.

త్రాగునీటి పరీక్ష

త్రాగునీటి పరీక్షను గూర్చి కొంచెములో చెప్పుదుము. 2019లో ప్రారంభమైన జలజీవన మిషను క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని నిర్ణయించిరి. పరీక్ష పెట్టెతో ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరైడు, ఇనుము, కాఠిన్యము మున్నగువానిని ఊరిలోనే చూడవచ్చును. ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లీగ్రామునకు లోపుండవలెను, ఒకటిన్నర మించరాదు. నైట్రేటు 45 మించరాదు. నీటిలో మలినము చేరినదో లేదో తెలిసికొనుటకు చిన్న సీసా పరీక్ష కలదు. నీరు పోసి ఉంచిన సీసా ఒకటి రెండు దినములలో నల్లబడినచో ఆ నీటిని కాచిగాని, క్లోరిను కలిపిగాని త్రాగవలెను. మీ గ్రామమున ఆ ఐదుగురు ఎవరో, పెట్టె ఎచ్చట నున్నదో, అందలి మందుల గడువు తీరెనో లేదో సభ్యులు ఒకసారి విచారింపవలెను. బీరువాలో తాళము వేసియున్న పెట్టె ఏ నీటిని పరీక్షింపదు.

చిక్కు లెచ్చట వచ్చును

కొలతలో చిక్కు లేదు. దానిని నమ్ముటలో కలదు. బోరు లోతు, అది పోయు నీరు చెప్పినచో పన్ను వేయుదురేమో, మీటరు పెట్టుదురేమో యని రైతు జంకును. ఈ అనుమానము సహజము. దానిని ఎగతాళి చేయరాదు. ఈ లెక్క గ్రామపు లెక్కయనియు, ఏ ఒక్కరి పేరును గోడపై వ్రాయబోమనియు గ్రామసభలో ముందుగనే తీర్మానించి పుస్తకములో వ్రాయుట మంచిది. పెద్ద బోరులున్నవారు లెక్క తప్పనవచ్చును. వారినే పిలిచి, వారి చేతికే టేపు నిచ్చి, వారి బావినే కొలువుమనుట కంటె మంచి సమాధానము మాకు తోచలేదు.

కొలుచువారిని ఎన్నుకొనుటలో తొందర తగదు. చదువుకొన్న యువకుడని ఒక్కనికి అప్పగించినచో అతడు ఉద్యోగమునకై చెన్నపట్నమో, శ్రీసిటీయో పోయిన నాడు లెక్క ఆగును. ప్రతి బావికి ఇద్దరిని నియమించి, వారిలో ఒకరు స్త్రీగ నుండునట్లు చూచినచో మేలు. పొలము పనులలో నీరు పెట్టువారికి, ఇంట నీరు మోయువారికి బావి సంగతి ఇతరులకంటె ముందు తెలియును. పాఠశాల పిల్లలచేత వానను కొలిపించి, గోడపై గీతలు గీయించినచో తల్లిదండ్రులు చూడక మానరు.

2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము క్రింద క్రొత్త బోరునకు అనుమతి పొందవలసియున్నది. అనుమతి కోరిన దరఖాస్తు వచ్చినపుడు పంచాయతీ చేతిలో రెండేండ్ల నీటిమట్టపు లెక్క యున్నచో, 'ఇచ్చట వలదు' అనుటకును 'ఇచ్చట వేయవచ్చును' అనుటకును ఒక ఆధారముండును. లెక్క లేనిచో కాదన్న ప్రతి మాటయు కక్షగను, సరే యన్న ప్రతి మాటయు పక్షపాతముగను ఊరిలో చెప్పుకొనబడును.

పంచాయతీ గోడపై వ్రాయు పలక విషయమున ఒక సూచన. అంకెలు చదువలేనివారు మనలో ఇంకను కలరు. కావున గోడపై నిలువుగ ఒక బావి బొమ్మ గీయించి, ప్రక్కన మీటర్ల గుర్తులు పెట్టి, నీరున్నంత మేర నీలిరంగు వేయవలెను. గత సంవత్సరము అదే పున్నమికి నీరున్న చోట ఒక ఎర్రగీత యుండవలెను. మొదటి ఏడు ఎర్రగీత యుండదు. ఆ ఏడు పలకను చూచి అభిప్రాయము చెప్పుటకును ఎక్కువ యుండదు. అందువలన కొలత ఈ జనవరియే మొదలుపెట్టినవారికి పై జనవరి సభలో రెండు గీతలు చూపుటకు వీలగును. పలక అడుగున కొలిచిన తేదీని, కొలిచిన ఇద్దరి పేర్లను వ్రాసి, పుస్తకములో సర్పంచి సంతకము చేయింపవలెను. టేపును, సుద్దముక్కను తాళము వేయని చోట ఉంచవలెను.